పల్లెటూరి పెద్దవాళ్లు, మతిమరుపు, జన్యువులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాయనమ్మ బడి మొహం చూడలేదు. అయినా ధనుర్మాసం వచ్చిందంటే ఇరవై ఒక్క చుక్కల ముగ్గు మాట్లాడుకుంటూ వేసేసేది. ఒక ఏడాది చుక్కలన్నీ సరిగ్గానే పెట్టింది గానీ, గీత తిప్పుకొచ్చేసరికి మొదలుపెట్టిన చోట కలవలేదు. కాలితో చెరిపేసి మళ్లీ వేసింది, మళ్లీ కలవలేదు. మంచులో కళ్లు కనబడట్లేదే అంది. మేమూ అదే అనుకున్నాం, రెండేళ్లపాటు అలాగే అనుకుంటూ కూర్చున్నాం. తర్వాత తెలిసింది అది అల్జీమర్స్, అంటే మెదడు మెల్లమెల్లగా దెబ్బతింటూ వచ్చే మతిమరుపు జబ్బు అని. అప్పటి నుంచి చుట్టాలు, ఊళ్లోవాళ్లు, పిల్లల స్నేహితులు నన్ను అడుగుతూనే ఉన్నారు, ముఖ్యంగా "ఇది రక్తంలోనే ఉంటుందా" అని. నేను డాక్టర్ని కాను. చదివి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నది మాత్రమే ఇక్కడ రాస్తున్నాను.

మా నాన్నకు అల్జీమర్స్ వచ్చింది. నాకూ వచ్చేస్తుందా?

రావాలని లేదు. అమ్మకో నాన్నకో ఉంటే మిగతావాళ్లతో పోలిస్తే మనకు వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది, అంతే. అరవై ఐదు దాటాక వచ్చే మామూలు అల్జీమర్స్‌లో ఏ ఒక్క జన్యువూ "నీకు వచ్చి తీరుతుంది" అని రాసిపెట్టదు. కచ్చితంగా రాసిపెట్టే అరుదైన రకం ఇంకొకటి ఉంది, దాని సంగతి కింద చెప్తాను. రెండింటినీ కలిపేసుకుని చాలామంది అనవసరంగా టెన్షన్ పడుతున్నారు, నలభై ఏళ్ల వయసులో తాళంచెవి ఎక్కడ పెట్టామో మర్చిపోయినా భయపడిపోతున్నారు.

ఏపోఈ జీన్ అని అంటున్నారు, అదేంటి?

మన 19వ క్రోమోజోమ్ మీద ఉండే జన్యువు. 299 అమైనో ఆమ్లాలు దండలా గుచ్చిన ఒక ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. ఒంట్లో, మెదడులో కొవ్వునీ కొలెస్ట్రాల్‌నీ అవసరమైన కణాలకు చేరవేయడం ఆ ప్రోటీన్ పని. ఇది మనుషుల్లో ముఖ్యంగా మూడు రకాలుగా కనిపిస్తుంది: ఇ2, ఇ3, ఇ4. వీటి మధ్య తేడా ఎంతో తెలుసా? ఆ 299 పూసల దండలో 112వ పూస, 158వ పూస, ఆ రెండే. ఎక్కువమందిలో ఉండేది ఇ3. ఇ4 ఉన్నవాళ్ల మెదడులో, అల్జీమర్స్‌లో కనిపించే అమైలాయిడ్ అనే ప్రోటీన్ ముద్ద త్వరగా పేరుకుంటుంది, దాన్ని ఊడ్చి బయటపడేసే పని మందగిస్తుంది. ఇ2 కొంత కాపాడుతుంది.

అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి వస్తాయి కాబట్టి ఇ4 ఒకటే ఉండొచ్చు, రెండూ ఉండొచ్చు, అసలు లేకపోవచ్చు. అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 1993లో దీనికీ అల్జీమర్స్‌కీ ఉన్న సంబంధాన్ని బయటపెట్టారు. అప్పటి నుంచి ఇంతకన్నా బలమైన మామూలు జన్యు కారణం ఇంకొకటి దొరకలేదు. 2022లో వచ్చిన పెద్ద పరిశోధన జన్యుపటంలో అల్జీమర్స్‌తో లంకె ఉన్న 75 చోట్లను గుర్తించింది, కానీ వాటిలో చాలావాటి ప్రభావం ఒక్కొక్కటిగా చూస్తే చాలా చిన్నది. అందులో పాల్గొన్నవాళ్లు కూడా దాదాపు అందరూ యూరప్ మూలాలవాళ్లే.

ఇ4 ఉంటే ఎవరికైనా ఒకేలా ప్రమాదమా?

కాదు, ఈ సంగతి చాలామందికి తెలియాలని నా కోరిక. 1997లో చాలా దేశాల లెక్కలు కలిపి చూశారు. తెల్లజాతివాళ్లలో ఇ3 రెండు ఉన్నవాళ్లతో పోలిస్తే ఒక ఇ4 ఉన్నవాళ్లకు ప్రమాదం దాదాపు 3 రెట్లు, రెండు ఉంటే దాదాపు 15 రెట్లు. జపాన్‌వాళ్లలో అది ఇంకా ఎక్కువ. ఆఫ్రికన్ అమెరికన్లలో మాత్రం ఒక ఇ4 వల్ల తేడా దాదాపు కనపడలేదు. నైజీరియాలో ఇబాదాన్ నగరంలోని యోరుబా పెద్దవాళ్లలోనూ ఆ సంబంధం చాలా బలహీనంగా కనిపించింది.

బొలీవియాలో అమెజాన్ అడవి అంచున ట్సిమానే అనే జనం ఉన్నారు. వేట, చేపలు, అరటి, దుంపల సాగుతో బతుకుతారు, ఒంట్లో పురుగులు, పరాన్నజీవులు మామూలు. అక్కడ ఒంట్లో పరాన్నజీవుల భారం ఎక్కువగా ఉన్న పెద్దవాళ్లలో ఇ4 ఉన్నవాళ్ల జ్ఞాపకశక్తి మెరుగ్గా కనిపించిందని 2017లో తేలింది. వేరే పరిస్థితుల్లో హాని చేసే జన్యువు అక్కడ మేలు చేస్తున్నట్టుంది. అంటే జన్యువు విత్తనం లాంటిది, నేల, నీరు, ఎరువు వేరైతే పంట వేరు. పొలం చేసేవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

మన పల్లెల్లో ఈ జబ్బు తక్కువని చదివాను. నిజమేనా?

ఆ మాట ఎక్కువగా హర్యానాలోని బల్లభ్‌గఢ్ నుంచి వచ్చింది. 1990ల్లో అక్కడి పల్లెల్లో ఉన్న 55 ఏళ్లు దాటినవాళ్లను, అమెరికాలో పెన్సిల్వేనియాలోని మొనాంగహేలా లోయలో ఉన్న పెద్దవాళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. ఏపోఈ జన్యువు కాపీల్లో ఇ4 వాటా బల్లభ్‌గఢ్‌లో 7 శాతం, మొనాంగహేలాలో 11 శాతం. ఇ4కీ అల్జీమర్స్‌కీ ఉన్న లంకె మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకే బలంతో ఉంది. వయసు తేడాలు సరిచేశాక, ఏడాదికి 65 దాటిన వెయ్యిమందిలో కొత్తగా అల్జీమర్స్ వచ్చినవాళ్లు బల్లభ్‌గఢ్‌లో 4.7 మంది, మొనాంగహేలాలో 17.5 మంది. 7కీ 11కీ ఉన్న తేడా ఇంత పెద్ద తేడాకు సరిపోదు కదా. మన పల్లెల్లో ఆయుష్షు తక్కువ, పరిశీలన సాగిన కాలం తక్కువ అని ఆ పరిశోధకులే హెచ్చరించారు. ఇంట్లోవాళ్లు "పెద్దతనం" అని సరిపెట్టుకుని అసలు చెప్పకపోవడం కూడా ఉంటుందని నా అనుమానం, మా ఇంట్లో మేం చేసింది అదే కాబట్టి.

తర్వాత దేశమంతా తిరిగి వేరే పద్ధతిలో చేసిన లాసీ-డాడ్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి డిమెన్షియా (రోజువారీ పనులు చేసుకోలేనంతగా మతి తగ్గడం, అల్జీమర్స్ అందులో ఒక రకం), అంటే సుమారు 88 లక్షల మంది. పట్నాల కన్నా పల్లెల్లో ఎక్కువ, మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ. పల్లెకు ప్రత్యేకంగా చెడ్డ జన్యువులేమీ లేవు. చదువు అందకపోవడం, వైద్యం దూరం కావడం, ఆడపిల్లను బడి మాన్పించడం, ఈ అంకెల వెనక ఉన్నవి ఎక్కువగా అవే.

చదువురానివాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్ష ఎలా పెడతారు? వాళ్లు ఎలాగూ ఫెయిలవుతారు కదా?

మంచి ప్రశ్న. ఇంగ్లిష్ దేశాల్లో తయారైన పరీక్షలో "ఒక వాక్యం రాయండి", "ఇక్కడున్నది చదివి అలా చేయండి", "వందలోంచి ఏడు తీసేస్తూ పోండి" అని ఉంటుంది. అక్షరం ముక్క రాని మనిషికి ఆ కాగితం ఇస్తే బుర్ర బంగారంలా ఉన్నా సున్నా వస్తుంది. అందుకే బల్లభ్‌గఢ్‌లో హిందీలో వేరే పరీక్ష తయారుచేసుకున్నారు. రాయడానికి బదులు "మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి" అన్నారు. "కళ్లు మూసుకోండి" అని రాసింది చదవమనడానికి బదులు "నా వైపు చూసి నేను చేసినట్టు చేయండి" అని కళ్లు మూసి చూపించారు. ఇంత చిన్న మార్పుతో ఎంతమందికి న్యాయం జరిగిందో.

ఇంట్లో మనం గమనించాల్సింది కూడా ఇలాంటిదే. ఆ మనిషి ఎప్పుడూ చేసే పని ఇప్పుడు ఎలా చేస్తున్నారు? ఇరవై ఏళ్లుగా పాలకేంద్రంలో పాలు పోస్తున్న మనిషి లీటర్ల లెక్క తప్పుతున్నాడా, డ్వాక్రా మీటింగ్‌లో కిస్తీ కట్టేసి మళ్లీ కట్టడానికి వెళ్లిందా, తెలిసిన పొలం నుంచి ఇంటికి దారి తప్పాడా, పచ్చడిలో ఉప్పు రెండుసార్లు పడిందా. మనవడి పేరు నాలుక చివర ఆగి కాసేపటికి గుర్తొస్తే అది వయసు. మా నాయనమ్మ ముగ్గు మాకు పరీక్ష కాగితమే, మేం దిద్దలేదు.

మేనరికాల వల్ల ఈ జబ్బు వస్తుందా?

మన రెండు రాష్ట్రాల్లో ఈ ప్రశ్న రాకుండా ఉండదు. మేనమామ, మేనకోడలు పెళ్లి చేసుకుంటే వాళ్లకు పుట్టే బిడ్డలో సగటున జన్యువుల్లో ఎనిమిదో వంతు రెండువైపుల నుంచీ అచ్చు ఒకే కాపీగా వచ్చే అవకాశం ఉంటుంది. మేనబావ, మేనమరదలు అయితే పదహారో వంతు. దీనివల్ల ముఖ్యంగా పెరిగేవి రెండు పాడైన కాపీలు కలిస్తేనే బయటపడే జబ్బులు, వాటిలో పిల్లల బుద్ధి ఎదుగుదలను దెబ్బతీసేవీ ఉన్నాయి. ముసలితనంలో వచ్చే అల్జీమర్స్ కథ వేరు. ఇ4 ఒక్కటున్నా ప్రభావం ఉంటుంది, దానికి మేనరికం అక్కర్లేదు. కాకపోతే ఆ కుటుంబంలో ఇ4 తిరుగుతుంటే రెండూ ఒకే బిడ్డకు చేరే అవకాశం మేనరికంలో కొంచెం ఎక్కువ.

ఇజ్రాయెల్ ఉత్తరాన వాదీ అరా అనే అరబ్ పల్లెల ప్రాంతం ఉంది. దగ్గరి పెళ్లిళ్లు ఎక్కువ, అల్జీమర్స్ కూడా చాలా ఎక్కువ, చిత్రంగా ఇ4 మాత్రం చాలా తక్కువ. అక్కడ వేరే జన్యువులేవో పనిచేస్తున్నాయేమోనని వెతికారు.

మేనరికం లేకపోయినా వందల ఏళ్లు ఒకే కులంలో పెళ్లిళ్లు చేసుకోవడం వల్ల కూడా కొన్ని జన్యు లక్షణాలు ఒకచోట పోగవుతాయి. తెలుగువాళ్లకు దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యుల్లో కనిపించేది: ఆపరేషన్‌కి ముందు మత్తుతో పాటు ఇచ్చే, కండరాలను వదులు చేసే ఒక రకం మందు ప్రభావం కొందరిలో త్వరగా దిగదు. హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ పరిశోధకులు కలిసి 2017లో రాసిన పత్రంలో ఇలాంటి సమూహాల గురించి వివరంగా ఉంది. ఇది మతిమరుపు జబ్బు కాదు, ఎవరినీ వేలెత్తి చూపే విషయమూ కాదు. ఇది తెలిసుంటే ఆపరేషన్ థియేటర్లో ప్రాణం కాపాడుకోవచ్చు.

మా వంశంలో ముగ్గురికి నలభైల్లోనే మతి తప్పింది. ఇదీ అదేనా?

ఇది పైన చెప్పిన అరుదైన రకం కావచ్చు, తప్పకుండా న్యూరాలజిస్ట్‌కి, వీలైతే జన్యు సలహాదారుకి చూపించండి. ఏపీపీ, ప్రీసెనిలిన్-1, ప్రీసెనిలిన్-2 అనే మూడు జన్యువుల్లో ఒకదానిలో మార్పు ఉంటే అల్జీమర్స్ చిన్న వయసులోనే వస్తుంది, ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం. మొత్తం అల్జీమర్స్‌లో ఇది ఒక శాతం లోపే.

కొలంబియాలోని ఆంటియోకియా కొండ పల్లెల్లో ఇలాంటి కుటుంబాల చరిత్ర ఉంది. ప్రీసెనిలిన్-1లో ఒకే ఒక మార్పు తరతరాలుగా వేలమంది ఉన్న ఒక పెద్ద వంశంలో పాకింది. అది ఉన్నవాళ్లకు నలభై నాలుగు దగ్గర మరుపు మొదలై, నలభై తొమ్మిది దగ్గరకల్లా డిమెన్షియా అవుతుంది. ఊళ్లోవాళ్లు దాన్ని శాపమనుకున్నారు. ఫ్రాన్సిస్కో లోపెరా అనే న్యూరాలజిస్ట్ కొండదారుల్లో తిరిగి, ఇంటింటికీ వెళ్లి వంశవృక్షాలు గీశారు, 2024లో చనిపోయేదాకా ఆ కుటుంబాలను వదల్లేదు. ఆ వంశంలోనే ఒకావిడకు ఆ మార్పు ఉన్నా డెబ్భై దాటేదాకా పెద్దగా మరుపు రాలేదు. చూస్తే ఆవిడలో ఏపోఈ మీద క్రైస్ట్‌చర్చ్ అనే అరుదైన మార్పు రెండు కాపీలు ఉన్నాయి. 2019లో ఈ సంగతి ప్రచురించాక, కొత్త మందులకు అదొక దారి అయింది. ఆ వంశంలోని ఒక ముసలావిడ ఒంట్లో దొరికిన జవాబు అది.

జీన్ టెస్ట్ చేయించుకోమంటారా?

ఊరికే తెలుసుకుందామని అయితే వద్దంటాను. లాలాజలం పంపిస్తే ఇ4 ఉందో లేదో చెప్పే కంపెనీలు ఉన్నాయి, కానీ ఆ కాగితం చూసి మీరు చేయగలిగేది ఏమిటి? ఉన్నా జబ్బు రాకపోవచ్చు, లేకపోయినా రావచ్చు. పైగా మీ రిపోర్ట్ మీ ఒక్కరిదీ కాదు, మీ అన్నదమ్ములదీ, పిల్లలదీ. జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపకూడదని మన దగ్గర ప్రత్యేకమైన చట్టం లేదు, పెళ్లి సంబంధాల దగ్గర ఊళ్లో మాటలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా. అల్జీమర్స్‌కి వచ్చిన కొత్త ఇంజెక్షన్ మందులు, లెకానెమాబ్ లాంటివి, మొదలుపెట్టే ముందు మాత్రం ఈ టెస్ట్‌కి అర్థం ఉంది, ఎందుకంటే ఇ4 రెండు ఉన్నవాళ్లలో మెదడు వాపు, రక్తస్రావం ముప్పు ఎక్కువ. చిన్న వయసులో వచ్చిన కుటుంబాల సంగతి కూడా వేరు, అక్కడ సలహా తీసుకుని చేయించుకోవచ్చు.

జన్యువును మార్చలేం కదా. ఇంక చేసేదేముంది?

చాలా ఉంది. 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ లెక్క ప్రకారం 14 కారణాలను సరిచేయగలిగితే ప్రపంచంలో డిమెన్షియా కేసుల్లో దాదాపు 45 శాతం ఆపొచ్చు లేదా వాయిదా వేయొచ్చు. ఆ పద్నాలుగులో అన్నిటికన్నా పెద్ద వాటా రెండింటిది: చెవుడు, చెడు కొలెస్ట్రాల్. తర్వాత చిన్నప్పుడు చదువు లేకపోవడం, ఒంటరితనం. ఇంకా బీపీ, షుగర్, పొగ, మద్యం, తలకు దెబ్బ, చూపు తగ్గడం, డిప్రెషన్, గాలి కాలుష్యం, ఊబకాయం, ఒళ్లు కదలకపోవడం.

చెవుడు గురించి కాస్త ఎక్కువ చెప్తాను. ఊళ్లో చెవిటివాళ్లను చూసి నవ్వుతారు, గట్టిగా అరిచి చెప్పడం విసుగని మాట్లాడటం మానేస్తారు. ఆ మనిషి అరుగు మీద ఒంటరిగా కూర్చుంటుంది. మాట వినపడదు, మాట్లాడేవాళ్లు లేరు, మెదడుకి పని తగ్గిపోతుంది. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, ఊతకర్రలు ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర పథకాన్ని 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలుపెట్టారు. పేరు తెలిసినవాళ్లు తక్కువ, అడగండి. తీసుకొచ్చిన యంత్రం పెట్టెలో పడేయకుండా రోజూ పెట్టుకునేలా చూడండి, మొదటి నెల హోరుగా ఉందని తీసేస్తారు, ఓపిక పట్టాలి.

బీపీకి "తగ్గింది కదా" అని మాత్రలు ఆపేయడం మన పల్లెల్లో మామూలు. అలా ఆపొద్దు. 30 దాటినవాళ్లకు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరాల్లో బీపీ, షుగర్ ఉచితంగా చూస్తారు. అమెరికాలో 9 వేల మందికి పైగా చేసిన ప్రయోగంలో పై బీపీని 120 లోపుకి తెచ్చినవాళ్లలో తేలికపాటి జ్ఞాపకశక్తి లోపం దాదాపు 19 శాతం తగ్గింది. తలకు దెబ్బలంటే బైక్ మీంచి పడటం, తాటిచెట్టు మీంచి పడటం, లారీ మీద బస్తాలు ఎక్కిస్తూ జారడం. హెల్మెట్ పోలీసు కోసం పెట్టుకునే వస్తువు కాదు.

ఇవన్నీ ఇ4 ఉన్నవాళ్లకు పనిచేస్తాయా అని అడుగుతారు. ఫిన్లాండ్‌లో 1,260 మంది పెద్దవాళ్లకు రెండేళ్లపాటు తిండి, వ్యాయామం, మెదడుకి పని, బీపీ, షుగర్ పర్యవేక్షణ అన్నీ కలిపి ఇచ్చి చూశారు. ఇ4 ఉన్నవాళ్లకూ లాభం కనిపించింది.

రెండు భాషలు మాట్లాడితే మంచిదంటారు?

దీనికి హైదరాబాద్‌లోనే సాక్ష్యం ఉంది. నిమ్స్‌లో సువర్ణ అల్లాడి గారి బృందం 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో చెప్పింది: ఒకటికన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది, చదువురానివాళ్లలో కూడా ఈ తేడా ఉంది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే ఊళ్లు మనకు ఎన్ని లేవు! దాన్ని మందులా చూడక్కర్లేదు, ఉన్న భాషను పోగొట్టుకోకుండా ఉంటే చాలు.

మన దగ్గరి పల్లెల మీద ఎవరైనా పరిశోధన చేస్తున్నారా?

చేస్తున్నారు. చిత్తూరు వైపు సరిహద్దు దాటితే కర్ణాటక కోలార్ జిల్లాలో శ్రీనివాసపుర ఉంది, ఆ చుట్టుపక్కల పల్లెల్లో తెలుగు బాగా వినిపిస్తుంది. బెంగళూరు ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడ 45 దాటిన పది వేల మందిని ఏళ్ల తరబడి గమనించాలని సాన్స్‌కాగ్ అనే అధ్యయనం పెట్టుకుంది. రక్తం, జన్యువులు, మెదడు స్కాన్, జ్ఞాపకశక్తి పరీక్షలు. జబ్బు రాకముందు నుంచే చూడటం దీని బలం. మన పల్లెల్లో ఇ4 ఏం చేస్తుందో అమెరికా లెక్కలతో కాకుండా మన లెక్కలతో తెలియాలంటే ఇలాంటివి సాగాలి. అలాంటి బృందం మీ ఊరొస్తే రక్తం దేనికి, ఎవరి దగ్గర ఉంచుతారు, ఫలితం మాకు చెప్తారా అని అడగండి, నచ్చితే చేరండి. అడిగే హక్కు మీకుంది.

డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే "వయసు" అన్నారు. వదిలేయాలా?

వదలకండి. మాకూ టౌన్‌లో ఒక డాక్టర్ నాయనమ్మ వైపు సరిగ్గా చూడకుండానే "డెబ్భై ఎనిమిదికి ఇంకెలా ఉంటుందమ్మా" అని పంపేశారు. తర్వాత వేరేచోట రక్తపరీక్షలో బీ12 బాగా తక్కువుందని తేలింది, షుగర్‌కి ఏళ్ల తరబడి వాడిన మెట్‌ఫార్మిన్ వల్ల కూడా అలా తగ్గుతుందట. ఇంజెక్షన్లు చేయిస్తే కాళ్ల తిమ్మిర్లు పోయాయి, మనిషి కాస్త హుషారైంది. ముగ్గు మాత్రం తిరిగి రాలేదు, అల్జీమర్స్ కూడా ఉంది కాబట్టి. కొందరికి పూర్తిగా తిరిగొస్తుంది. బీ12, థైరాయిడ్, డిప్రెషన్, పడ్డాక తలలో గడ్డకట్టిన రక్తం, నిద్రమాత్రలు, జలుబుకీ అలర్జీకీ వాడే కొన్ని మాత్రలు, ఇవన్నీ మతిమరుపులా కనిపించి, సరిచేస్తే తగ్గేవి. వెళ్లేటప్పుడు వాడే మాత్రలన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. ఎప్పుడు మొదలైంది, మొదట ఏ పని తప్పింది అని ఒక కాగితం మీద రాసుకోండి. ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లో మతి తప్పితే అది వేరే, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మందులున్నాయా?

డోనెపెజిల్, రివాస్టిగ్మిన్, మెమాంటిన్ ఉన్నాయి. లక్షణాలను కొంతకాలం కుదురుగా ఉంచుతాయి, జబ్బును ఆపవు. ఇ4 ఉందా లేదా అని చూడకుండానే ఇస్తారు.

అత్తయ్య తిని కూడా నాకు అన్నం పెట్టలేదని వీధిలో అందరికీ చెప్తున్నారు. ఏం చేయను?

ఈ ప్రశ్న అడిగిన కోడళ్ల గొంతులు నాకు గుర్తున్నాయి. ఆవిడ అబద్ధం చెప్పట్లేదమ్మా, తిన్న సంగతి ఆవిడ మెదడు దాచుకోలేకపోయింది. "ఇప్పుడే కదా తిన్నారు" అని వాదిస్తే గొడవ పెరుగుతుంది. రెండు బిస్కెట్లో, అరటిపండో చేతిలో పెట్టి "అన్నం ఉడుకుతోంది అత్తయ్యా" అనండి. తిన్న కంచం వెంటనే కడగకుండా కాసేపు ఎదురుగా ఉంచితే కొందరికి గుర్తుంటుంది. పక్కింటివాళ్లకు ఇది జబ్బు అని మీరే ముందుగా చెప్పేయండి, దాచితే మాటలన్నీ మీ మీదికే వస్తాయి. జేబులోనో కొంగుకో పేరు, ఫోన్ నంబర్ రాసిన చీటీ కట్టి ఉంచండి, తప్పిపోతే పనికొస్తుంది. ఈ చాకిరీ అంతా ఒక్క కోడలి మీదే పడటం అన్యాయం, కొడుకులు, కూతుళ్లు వారానికో రోజు చొప్పున పంచుకోవాలి, డబ్బు పంపి ఊరుకుంటే సరిపోదు. వృద్ధుల కోసం 14567 హెల్ప్‌లైన్ ఉంది. మీకే నిద్రపట్టక, ఏడుపొస్తుంటే టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.